శబ్దోద్వేగము – భక్తుని ధర్మము

కంటికి ఱెప్ప కలదు. నోటికి పెదవులు కలవు. చూడరాని దానిని చూడకుండుటకును, అనరాని మాటను అనకుండుటకును భగవానుడు జీవునకు ఈ రెండు తలుపులను అమర్చియున్నాడు. చెవికి మాత్రము తలుపు లేదు. మనుష్యుడు నిద్రించుచున్నను చెవి మేల్కొనియే యుండును. శబ్దము ఆకాశగుణమని తార్కికులు చెప్పుదురు. ఆకాశము లేని చోటు లేదు గనుక శబ్దము నుండి తప్పించుకొని పోదగిన చోటును అరుదు. ప్రహ్లాదుడు చెప్పిన నవవిధభక్తులలో శ్రవణమే మొదటిది. భగవన్నామము జీవునిలో ప్రవేశించుటకై తెఱచి యుంచబడిన ద్వారము చెవియే. అయితే ఆ ద్వారముననే కొందఱికి ఘోరమైన బాధయు ప్రవేశించుచున్నది. నేటి యువతీయువకులలో పలువురియందు ఈ బాధ కానవచ్చుచున్నది. ఇది వ్యాధియా, అహంకారమా, ఓర్పులేమియా అను ప్రశ్న అనేక గృహములలో సరిగా భోజనవేళలయందే తలయెత్తుచున్నది.

అట్టి గృహము నొకదానిని ఊహించి చూడవచ్చును. గోదావరి తీరమున ఒక గ్రామము. ద్వాదశీ పారణ సమయము. తళిగ సమర్పణమైన పిదప కుటుంబమంతయు పంక్తిగా కూర్చున్నది. అవిసె ఆకు కూర, ఉసిరికాయ పచ్చడి, చారు వడ్డింపబడినవి. ఎనుబది యేండ్ల తాతగారు ముందునాడు నీరైనను ముట్టక ఉపవసించినవారు. ఆకలితో ప్రసాదమును ఆరగించుచున్నారు. ఆయన పెట్టుడు పళ్లు ఒకదానితో నొకటి తాకి టకటకమనుచున్నవి. చారన్నమును జుఱ్ఱుకొనునపుడు ఆ చప్పుడు ఇల్లంతయు వినబడుచున్నది. ఆయన ప్రక్కనే 23 ఏండ్ల మనుమడు కూర్చున్నాడు. హైదరాబాదులో ఉద్యోగము చేయుచు, చాలకాలమునకు ఇంటికి వచ్చినవాడు. కొంతసేపటికి వాని పిడికిలి బిగిసినది. చెవులు ఎఱ్ఱబారినవి. సగము అన్నము విస్తరిలోనే విడిచి, వాడు లేచి వెలుపలికి పోయెను.

పంక్తి ముగియక మునుపే లేచుట పెద్దలను అవమానించుటయని ఆ యింటి ఆచారము. నాయనమ్మ నివ్వెఱపడినది. “ఏమైందిరా నాన్నా? విస్తట్లో ప్రసాదం వదిలి లేస్తావా?” అని కేక వేసినది. తాతగారికి విషయము క్రొత్తది కాదు. “నేను తింటూంటే వాడికి గిట్టదు. లోకం వల్ల ఉద్వేగపడనివాడే నాకు ఇష్టుడని గీతలో స్వామి చెప్పాడు. సొంత తాత నాలుగు మెతుకులు తింటే ఓర్వలేనివాడు రేపు లోకాన్నేం ఓరుస్తాడు?” అని ఆయన అందఱు వినునట్లుగా పలికిరి.

ఆ సాయంకాలము అరుగుమీద మనుమడు నాయనమ్మతో చెప్పిన మాట వేఱుగా నుండెను. “నాయనమ్మా, తాతయ్యంటే నాకు కోపం లేదు. ఆయనకేమైనా అవుతుందేమోనని ఎన్నో రాత్రుళ్లు భయపడ్డాను. కాని ఆ చప్పుడు చెవిన పడగానే ఒళ్లంతా మండిపోతుంది. ఎందుకో నాకే తెలియదు. అందుకే పండగలకి రావడం మానేశాను.”

ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన నుంచి విచారింపవలసియున్నది. ఒకరు శాస్త్రమును చెప్పిరి. ఒకరు తన బాధను చెప్పిరి. శాస్త్రము బాధితునికి శత్రువు కాజాలదు. అట్లు కనబడినచో శాస్త్రమును చెప్పిన తీరులో ఏదియో లోపమున్నదని తలంపవలెను.

ముందుగా ఈ బాధయొక్క స్వరూపమును తెలిసికొనుట అవసరము. అమెరికాలోని అట్లాంటా నగరమున ఎమరీ విశ్వవిద్యాలయమునకు చెందిన మార్గరెట్ జాస్ట్రెబాఫ్, పావెల్ జాస్ట్రెబాఫ్ అను శాస్త్రజ్ఞులు 2001లో దీనికి ‘మిసోఫోనియా’ అని పేరిడిరి. గ్రీకు భాషలో ‘మిసోస్’ అనగా ద్వేషము, ‘ఫోనే’ అనగా ధ్వని. శబ్దద్వేషమని దీనిని తెలుగు చేయవచ్చును. కాని ఈ బాధ గలవారు శబ్దములన్నింటిని ద్వేషింపరు. సంగీతమును ప్రీతితో విందురు. ఉఱుమును లెక్కింపరు. నమలుట, జుఱ్ఱుట, ముక్కు ఎగబీల్చుట, బరువుగా ఊపిరి విడచుట, కలము మీటను టిక్కు టిక్కున నొక్కుట – ఇట్టి చిన్న చప్పుళ్లే వారికి దుస్సహములు. పెద్దశబ్దములన్నియు చెవికి నొప్పి కలిగించు ‘హైపరక్యూసిస్’ అను బాధ వేఱొకటి. అందు బాధకు మూలము శబ్దముయొక్క తీవ్రత. ఇందు మూలము శబ్దముయొక్క జాతి. ఎంత మెల్లగా వినబడినను ఆ జాతి శబ్దము చాలును.

2013లో నెదర్లాండ్సు దేశపు ఆమ్‌స్టర్‌డామ్ నగర వైద్యులు 42 మంది రోగులను పరీక్షించి, దీనిని ప్రత్యేక రుగ్మతగా గుర్తింపవలెనని ప్రతిపాదించిరి. 2017లో ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయమున సుఖ్‌బీందర్ కుమార్ మొదలగువారు ఈ బాధ గలవారి మెదడును, సామాన్యుల మెదడును శబ్దములు వినిపించుచు పరిశీలించిరి. శిశువు ఏడ్పు, ఆర్తనాదము వంటి శబ్దములకు ఉభయులును ఇంచుమించు ఒకే తీరున స్పందించిరి. నమలు చప్పుడు వంటివి వినబడినపుడు మాత్రము బాధితుల మెదడులో ‘ఇన్సులా’ అను భాగము మిక్కిలిగా చెలరేగినది. గుండె వేగము హెచ్చినది, చర్మమున చెమట మార్పులు కనబడినవి. 2021లో ఆ పరిశోధకులే మఱియొక విషయమును కనుగొనిరి. బాధితుల మెదడులో వినికిడికి సంబంధించిన భాగమునకును, నోటిని ముఖమును కదలించు భాగమునకును నడుమ బంధము సామాన్యులలో కంటె గట్టిగా నుండునట. ఎదుటివాని నోటి కదలిక తన నోటిలోనికే బలవంతముగా చొచ్చుకొని వచ్చినట్లు వారికి తోచుటకు ఇది కారణమై యుండవచ్చునని వారి అభిప్రాయము.

2022లో పలువురు నిపుణులు కూడి, కొన్ని నియతమైన శబ్దములను సహింపలేని రుగ్మతగా దీనిని నిర్వచించిరి. మైసూరులోని విశ్వవిద్యాలయ విద్యార్థులలో కూడ ఈ విషయమై సర్వే జరిగినది. బ్రిటనులో 772 మందిని ప్రశ్నించి 2023లో ప్రకటించిన పరిశోధనలో, ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి ఇట్టి శబ్దములు గణ్యమైన బాధ కలిగించుచున్నవని తేలినది. ఆ బాధకొక పేరున్నదని అందు పెక్కుమందికి తెలియదు. సాధారణముగా ఈ బాధ బాల్యాంతమునందో, కౌమారమునందో మొదలగును. సొంత తల్లిదండ్రుల, తాతల, సోదరుల నోటినుండి వెలువడు చప్పుడే పెక్కుమందిని మిక్కిలిగా బాధించును. పరాయివాని నమలుడును ఓర్చుకొనువాడు తండ్రి నమలుడును ఓర్వలేకపోవును. చూచువారికి ఇది తండ్రిపై ద్వేషముగా తోచును. ఈ భ్రాంతివలననే కుటుంబములు చీలుచున్నవి.

కావున మొదటి ప్రశ్నకు సమాధానము దొరకినది. ఇది పొగరు కాదు. మనుమడు పిడికిలిని బిగింపలేదు, పిడికిలియే బిగిసినది. కోపము వచ్చునపుడు మనుష్యుడు కొంతవఱకైనను దానికి సమ్మతించును. ఇచట సమ్మతికి ముందే శరీరము లేచి నిలుచున్నది. సమ్మతి లేని చోట దోషమును ఆరోపించుట న్యాయము కాదు.

అయితే కష్టమైన ప్రశ్న ఇంకను మిగిలియేయున్నది. ఎవరు ఎవరికొఱకు తగ్గవలెను? ఎనుబది యేండ్ల వృద్ధుడు తన యింట తన అన్నమును భయపడుచు తినవలెనా? లేక యువకుడు పండ్లు బిగబట్టుకొని కూర్చుండవలెనా? తితిక్షను బోధించిన గీతాచార్యుడు ఇంద్రియములకు విషయములతో కలుగు స్పర్శలు వచ్చి పోవునవి గనుక ఓర్చుకొనుమని అర్జునునితో చెప్పియేయున్నాడు గదా యని కొంద ఱందురు. ఆ మాట నిజము. కాని తితిక్ష తనకొఱకు తాను పట్టవలసిన వ్రతము. ఉపవాసమును తాను చేయవచ్చును గాని పొరుగువానిచే బలవంతముగా చేయించుట పుణ్యము కాదు. ఓర్చుకొనుమని చెప్పిన స్వామి అర్జునుని రథపు పగ్గములను తన చేత పట్టుకొని, అతని యెదుటనే కూర్చుండి చెప్పెను. తాను సాయపడకయే ఓర్పును బోధించువాడు ఆచార్యుడు కాజాలడు.

ఇక తాతగారు చెప్పిన గీతావాక్యమును విచారింతము. అది 12వ అధ్యాయమునందలి 15వ శ్లోకము. భగవంతునికి ప్రియుడైన భక్తుని లక్షణములను చెప్పు సందర్భము. ఎవనివలన లోకము ఉద్వేగము పొందదో, లోకమువలన ఎవడు ఉద్వేగము పొందడో, వాడు ప్రియుడని దాని భావము. ‘విజ్’ ధాతువునకు భయము, చలనము అని అర్థములు. ‘ఉత్’ అను ఉపసర్గ చేరగా లోపలినుండి పైకి ఎగసిపడు కలతయని తాత్పర్యము. ఈ యువకుని బాధకు ఇంతకంటె తగిన పదము లేదు. అందువలననే దీనిని శబ్దద్వేషమనుటకంటె శబ్దోద్వేగమనుట మేలు.

శ్లోకమున రెండు భాగములున్నవి. తాతగారు రెండవ భాగమునే పలికిరి. స్వామి మొదట చెప్పినది వేఱు. నీవలన ఇతరులకు కలత కలుగకుండవలెనన్నది ముందుమాట. ఇతరులవలన నీవు కలత పడకుండవలెనన్నది వెనుకమాట. ఈ క్రమమును మఱచి, మొదటి సగమును విడిచి, రెండవ సగముతో బాధితుని కొట్టుట లోకమున పరిపాటియైనది.

భగవద్రామానుజులు తమ గీతాభాష్యమున ఈ శ్లోకమునకు చెప్పిన అర్థము మఱింత ఆశ్చర్యకరముగా నున్నది. లోకమునకు ఉద్వేగము కలిగించు పని ఏ కొంచెమైనను చేయనివాడని మొదటి భాగమునకు వారి వివరణము. రెండవ భాగమునకు, బండబారిన మనస్సుతో దేనికిని చలింపనివాడని వారు చెప్పలేదు. ఎవని విషయమున లోకమే ఉద్వేగకరమైన పని చేయకుండునో అట్టివాడని చెప్పిరి. లోకము ఏల చేయదు? ఇతడు ఎవరికిని విరోధి కాడని లోకమునకు నిశ్చయము కలుగుటచేత. అనగా ఈ శ్లోకము ఒక్కని భుజముపై మోపిన బరువు కాదు. ఇద్దఱు కలిసి మోయవలసిన కావడి. ఒక వైపున ఇతరుల కలతను గమనించి తన పనిని మార్చుకొనువాడు. వేఱొక వైపున తాను విరోధి కానని ఇతరులకు నమ్మకము కలిగించువాడు.

మొదటి వైపును ముందుగా చూతము. కాంచీపుర సమీపమున కూరమను గ్రామమున ఐశ్వర్యవంతులై, నిత్యము అన్నదానము చేసిన కూరేశుల గాథ వైష్ణవులందఱికిని పరిచితమే. దినమంతయు అన్నదానము జరిగిన పిదప రాత్రివేళ వారి భవనపు పెద్ద తలుపులు మూయుచుండ, ఆ ధ్వని కంచి వరదరాజస్వామి కోవెలవఱకు వినబడినదట. ఆ చప్పుడు ఏమని పెరుందేవితాయారు స్వామి నడిగినదట. ఈ సంగతి తెలిసి కూరేశులు తన సంపద చేయు చప్పుడు అమ్మవారి చెవి దాకా పోయినదే యని సిగ్గుపడి, సర్వమును విడిచి, శ్రీరంగమున ఆచార్యుని ఆశ్రయించిరి. ఆ తలుపులు దానము చేసిన యింటి తలుపులు. వాని చప్పుడులో పాపమేమియు లేదు. అయినను “తలుపన్న తరువాత చప్పుడు కాదా” యని వారు వాదింపలేదు. తన యింటి ధ్వని ఇతరుల చెవిని చేరుచున్నదని తెలిసినంతనే తన్ను తాను సరిదిద్దుకొనిరి.

ఈ దృష్టితో చూచిన ఇంట చేయదగిన పనులు పెక్కు కలవు. భోజనవేళ మౌనము పాటింపవలెనని స్మృతులు విధించినవి. మౌనమనగా మాటలు మానుట మాత్రమే యని పలువురు తలంతురు. పెదవులు మూసి నమలుటయు, చారును జుఱ్ఱక త్రాగుటయు మౌనమునకు సహజమైన అంగములే. వృద్ధులకు కొన్నిట శక్తి చాలదు. పెట్టుడు పళ్లు వదులైన చప్పుడగును. వయస్సు మీఱినపుడు వినికిడి తగ్గును గనుక తమ చప్పుడు తమకే వినబడదు. ఒకనికి చెవి మిక్కిలిగా వినుచున్నది, ఒకనికి తక్కువగా వినుచున్నది. ఇరువురియందును దోషము లేదు. వదులైన పళ్లను దంతవైద్యునికి చూపి సరిచేయించుకొనుట, కూర్చుండు చోటు మార్చుట ఎవరి గౌరవమునకును భంగము కాదు.

ఇంటి వెలుపల మాట యేమి? దేశమున 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనలు, జనులు నివసించు ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్సుకు శబ్దము మించరాదని విధించినవి. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు బహిరంగ స్థలములలో మైకులు మ్రోగింపరాదు. ఆసుపత్రులు, విద్యాలయములు, న్యాయస్థానముల చుట్టును 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలముగా ఉంచవచ్చును. 2005 జూలై 18న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, మాటాడుటకు ఒకనికి హక్కున్నట్లే వినకుండుటకు ఇతరులకు హక్కున్నదని స్పష్టము చేసినది. గీతాశ్లోకపు మొదటి సగమునే న్యాయస్థానము తన భాషలో చెప్పినదని భక్తులు గ్రహింపవలెను. ఊరేగింపులలో గుండె లదరునట్లు డీజే పెట్టెలు మ్రోగించుట, తెల్లవాఱుజామున నిద్రించు రోగి చెవిలో మైకుద్వారా నామము పోయుట కైంకర్యము కాదు. వినువాడు ప్రీతితో విన్నపుడే శ్రవణము భక్తియగును.

ఇపుడు రెండవ వైపు. బాధితునికిని ధర్మమున్నది. బాధ వాని తప్పు కాదు గాని, బాధతో వాడు పలుకు పలుకు, చూచు చూపు వాని అధీనములోనివి. ఎదుటివారివంక గ్రుడ్లురిమి చూచుట, వారి చప్పుడును వెక్కిరింపుగా అనుకరించుట, విస్తరిని త్రోసి లేచుట – ఇవి ఎదుటివానియందు మఱియొక ఉద్వేగమును పుట్టించును. ఉద్వేగము కలిగింపని మాట వాక్కునకు తపస్సని గీత 17వ అధ్యాయమున స్వామియే సెలవిచ్చియున్నాడు. కావున చెప్పదలచిన దానిని భోజనవేళ చెప్పరాదు. మనస్సు చల్లబడిన పిదప, తాను ద్వేషించుచున్నది శబ్దమునే గాని మనుష్యుని కాదని తేటగా చెప్పవలెను. తాను విరోధి కాడను నిశ్చయమును లోకమునకు కలిగించుట యనగా నిదియే.

వైద్యమును సిగ్గుపడక ఆశ్రయింపవలెను. వినికిడి నిపుణులు, మనోవైద్యులు దీనికి సాయపడగలరు. ఆలోచనను, ప్రవర్తనను క్రమముగా మార్చు చికిత్సవలన కొందఱికి మేలు కలిగినదని 2021లో ప్రకటింపబడిన ఆమ్‌స్టర్‌డామ్ వైద్యుల పరిశోధన తెలిపినది. మెల్లని ఫ్యాను ధ్వనియో, సంగీతమో వెనుక వినబడుచుండిన బాధించు చప్పుడు మఱుగుపడును. దినమంతయు చెవులలో దూది పెట్టుకొని యుండుట మాత్రము మేలు కాదు. నిశ్శబ్దమునకు అలవాటుపడిన చెవికి చిన్న చప్పుడును పెద్దదిగా తోచునని నిపుణుల హెచ్చరిక.

ఆ గృహమున తరువాత జరిగినది స్వల్పమే. నాయనమ్మ మనుమని మాటను తాతగారికి చేరవేసినది. ఆ రాత్రి ఆయన గీతాభాష్యమును తీసి, ఆ శ్లోకపు వ్యాఖ్యను రెండు మార్లు చదువుకొనిరి. మఱునాడు మనుమని పిలిచి, “శ్లోకంలో సగమే నీకు చెప్పానురా. ముందు సగం నాకు వర్తించేది. దాన్ని మింగేశాను” అనిరి. మనుమడు కొంతసేపు మాటాడలేదు. పిదప, “నేనూ మీకు ముందే చెప్పాల్సింది తాతయ్యా. చెప్పకుండా ఊరికి రావడం మానేశాను. అది తప్పే” అనెను.

మఱు ద్వాదశికి మనుమడు వచ్చెను. వానికి పంక్తి చివర, ఫ్యాను క్రింద ఆకు వేసిరి. విష్ణుసహస్రనామ పారాయణము మెల్లగా వినబడునట్లు పెట్టిరి. తాతగారు పళ్లు సరిచేయించుకొనియుండిరి. చారు మాత్రము ఆయన జుఱ్ఱకుండ త్రాగలేకపోయిరి. అది వినబడినపుడు మనుమడు కన్నులు మూసికొని, ఒక్క క్షణము నిలిచి, తాతగారివంక చూచి, “ఇప్పుడే వస్తాను తాతయ్యా” అని లేచెను. ఆయన తల ఊపిరి. పంక్తిలో ఎవరును ఏమియు అనలేదు. ఆకు ఎత్తకుండ అట్లే యుంచిరి. చారు ముగిసి మజ్జిగ వడ్డించు వేళకు వాడు తిరిగి వచ్చి, తన అన్నమును ముగించెను.

ఆచారము ప్రకారము మధ్యలో లేచుట ఆనాడును లేచుటయే. కాని మునుపు లేచినపుడు పంక్తి విఱిగినది. ఈ మాఱు విఱుగలేదు. తలుపు లేని చెవిని ప్రసాదించిన శ్రీమన్నారాయణుడు, ఒకరి చెవికి వేఱొకరు తలుపుగా నిలుచు సౌజన్యమును గృహస్థులందఱికిని అనుగ్రహించుగాక.